డోజరు ముక్కుకు వేప బిరడా

పాత డోజరు క్లచ్ జారుతుంటే ముందు ప్లేట్లను అనుమానించాలి, తర్వాత స్ప్రింగులను, చిట్టచివర డ్రైవరును. నా విషయంలో ఈ వరుసను తలకిందులు చేసి ఉంటే అంత ఏడుపు తప్పేది. క్లచ్ కంటే ముందు జారింది నా బుద్ధి. నా బండికి జబ్బు తెచ్చింది నేనే, అదీ పూజ చేసి మరీ.

అప్పుడు వెలిమెలలో ఒక అపార్టుమెంటుకు సెల్లారు తవ్వుతున్నాం. దసరా నాడు సూపర్‌వైజరు తన రేకుల గది ముందు ముగ్గు వేయించి, బండ్లన్నీ అక్కడే నిలబెట్టమన్నాడు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చైన్ల కింద నిమ్మకాయలు ఉంచాను. నా డోజరు పొట్టకింద ఒక చిల్లు ఉంటుంది. దాంట్లోంచి అప్పుడప్పుడు ఒక నూనె చుక్క రాలుతుంది. ఆ చుక్క పోయి పోయి ముగ్గులోని తామరపువ్వు మీదే పడింది.

"ఏందయ్యా, నీ బండికి ముక్కు కారుతున్నది. జెర తుడువు, లేకుంటే దవాఖానకు తోలుకపో," అన్నాడు సూపర్‌వైజరు. అందరూ నవ్వారు.

నాకు రోషం వచ్చింది. పళ్లు తోముకునే వేపపుల్లను చెక్కి, ఆ చిల్లులో పెట్టి సుత్తితో కొట్టాను. కారడం ఆగింది. నూనె కూడా ఆదా అనుకున్నాను. ఆదా అయిన నూనె ఎక్కడికి పోతుందని ఆలోచించలేదు.

వారం తిరగకుండానే వాన పట్టుకుంది. సెల్లారు అడుగున మట్టి నెడుతుంటే కరెంటు పోయి, నీళ్లు తోడే మోటారు ఆగిపోయింది. పైకి రావడానికి ఉన్నది ఒక్కటే మట్టి ర్యాంపు. లాగడానికి వేరే బండి లేదు. ఉన్న ఒక్క ఎక్స్‌కవేటరునూ పొద్దున్నే కర్దనూరు పనికి పంపేశారు. ర్యాంపుకు ఎదురుగా తిప్పి గేరు వేశాను. ఇంజను అరిచింది గానీ బండి కదలలేదు. మా ఇంటికి ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. అది మునిగితే మా పొయ్యి మునిగినట్టే.

అలాంటి పాత డోజరు క్లచ్ కాలితో తొక్కేది కాదు, చేత్తో నెట్టే లివరు. నెడితే ‘టక్’మని కూర్చోవాలి. నాది మాత్రం పెరుగులో గరిటె దిగినట్టు దిగింది. క్లచ్ మూత విప్పి లోపలి బిగింపు రింగును ఒక పన్ను మేర తిప్పి బిగించాను. టక్‌మంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. సగం ర్యాంపు ఎక్కాక ఇంజను మళ్లీ ఒంటరిగా పరుగెత్తింది, బండి వెనక్కి జారింది. బ్లేడు దింపి ఆపేసరికి మొదటి చోటికే వచ్చాను. ఇంకో పన్ను బిగించాను. లివరు వెనక్కి రాకుండా సైకిల్ ట్యూబుతో కట్టాను. పొగ వచ్చింది, పట్టు రాలేదు.

ఆ బండిని నాకు అమ్మిన భాయ్‌కి ఇస్నాపూర్‌లో గ్యారేజీ ఉంది. ఫోన్ చేశాను.

"భాయ్, పట్టు దొరుకుతలేదు."

"నీకా, బండికా?"

"ఇద్దరికీ. చైన్ల కిందికి నీళ్లొచ్చినయ్."

"ప్లేట్లు ఖతమైనట్టే అన్నా. పరేషాన్ గాకు, రేపు పొద్దుగాల వస్త."

"వచ్చేటప్పుడు పడవ తెచ్చుకో," అన్నాను.

ర్యాంపు పైన గొడుగు కింద సూపర్‌వైజరు. "పాత ఇనుప సామాన్లోనికి ఫోన్ చేయాల్నా?" అని అడిగాడు.

తిడదామని నోరు తెరిచాను. నోట్లోకి పొగ పోయింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, ఆ పొగకు ఇస్నాపూర్ మిర్చిబజ్జీల బండి గుర్తొచ్చింది. మూకుడు, మరిగే నూనె. అరిగిన ప్లేట్లయితే గుడ్డ కాలిన కంపు కొట్టాలి. బజ్జీల వాసన ఎందుకొస్తుంది?

అప్పుడు వేపపుల్ల గుర్తొచ్చింది. ఇంజను నూనెను ఆపే సీలు పాతబడితే దాన్ని దాటి వచ్చే నూనె, ప్లేట్ల మీద పడి జారించకుండా బయటికి పోవాలనే ఆ చిల్లు పెడతారు. ఏకై వచ్చి మేకై కూర్చుంటుందంటారు. నేను మేకునే ఏరి తెచ్చుకుని కొట్టుకున్నాను.

బురదనీళ్లలో వెల్లకిలా పడుకొని బండి కిందికి దూరాను. పుల్ల ఉబ్బి బిగిసిపోయింది. చివరికి పట్టకారుకు ఆ మాత్రం పట్టు దొరికింది. పుల్ల ఊడివచ్చి, నల్లటి నూనె నా ఛాతీ మీద కారింది.

ప్లేట్లను కిరసనాయిలుతో కడగాలి. కూలీల గుడిసెల దగ్గరికి పరుగెత్తాను. బిహార్ మేస్త్రీ ఒకాయన స్టవ్వు కోసం దాచుకున్న డబ్బా "లేలో భయ్యా" అని చేతిలో పెట్టాడు. కానీ వేడి తగ్గకుండా పోస్తే మంటే. కింద నీళ్లు ఆ చిల్లు దాకా ఎక్కితే లోపలికే పోతాయి. జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు మూత మీద చెయ్యి పెట్టి చూస్తూ, నీళ్ల వైపు చూడకుండా కూర్చున్నాను. అంత పొడుగు సమయం నేను ఎప్పుడూ గడపలేదు.

చల్లబడ్డాక పోసి, తిప్పి, వదిలి, మళ్లీ పోశాను. నీళ్లు చిల్లుకు బెత్తెడు కింద ఉన్నాయి. లివరు నెట్టాను. టక్‌మంది. ఈసారి ఇంజనును అరిపించకుండా, బతిమాలినట్టుగా ఎక్కించాను. బండి పైకి వచ్చాక దిగి పొట్టకింద చూశాను, చుక్క పడుతోంది.

మర్నాడు పొద్దున భాయ్ వచ్చి చూసి, చిల్లు మూయొద్దని చెప్పి, కొత్త సీలు తేవడానికి సిటీకి పోయాడు. నేను డోజరును తీసుకెళ్లి, దాని పొట్ట సరిగ్గా సూపర్‌వైజరు గది గడప ముందు ఉండేలా నిలబెట్టాను. ఆయన తెల్ల బూట్లతో వచ్చి ఆగిపోయాడు.

"ఏందయ్యా ఇది?"

"ముక్కు కారుతున్నది సార్. మూయొద్దని దవాఖానల చెప్పిన్రు."

"తీసి అవతల పెట్టు."

"సీలు వచ్చేదాక కదపొద్దన్నరు సార్."

ఆయన గోడకు ఆనుకొని, పొట్ట లోపలికి పీల్చుకొని, పక్కవాటుగా గదిలోకి పోయాడు. చుక్క మాత్రం పడుతూనే ఉంది. నేను తుడవలేదు.