ముక్కు అరగని రాజులు

పాత సామాన్ల కొట్టాయన్ని బజారంతా నిదానం అని పిలిచేది. గడియారానికి కీ ఇవ్వమన్నా సరే, ముందు దాన్ని తుడిచి, చెవి దగ్గర పెట్టుకుని, కుశలం అడిగినట్టు కాసేపు విని గానీ ఇచ్చేవాడు కాదు. నేను ఏ ఊళ్ళు తిరిగొచ్చినా ముందు చేరేది ఆ కొట్టుకే. విరిగిన కుర్చీల్లో కాస్త నిలబడేదేదో చూసి నాకు వేసేవాడు. ఆయన దగ్గర కొన్న వస్తువు నకిలీదని ఇన్నేళ్ళలో ఎవరూ వెనక్కి తేలేదు. కొనేముందు గీకి చూసినవాళ్ళూ లేరు. ఆయనకున్న ఆస్తి ఆ పేరొక్కటే. కొట్టు కూడా అద్దెదే.

చనిపోయిన ఒక దర్జీ ఇంటి సామానుతో పాటు ఆయనకి ఒక బిస్కెట్ల డబ్బా వచ్చింది. నిండా నాణేలు. అన్నీ అరిగి నల్లబడినవే. నాణెం మీద రాజుకి ముందు పోయేది ముక్కు. ఎత్తుగా ఉంటుంది కదా, అందరి వేళ్ళూ దానికే తగులుతాయి. నేను తిరిగిన మ్యూజియాల్లో ఎంతెంతటి చక్రవర్తులో చప్పిడి మొహాలతో పడి ఉన్నారు. ఆ డబ్బా అడుగున మాత్రం దర్జీలు దారానికి రాసుకునే మైనం ముద్ద ఒకటి ఉంది. నిదానం దాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, కత్తి తాకించకుండా వేలిగోటితో ఒలిచాడు. లోపల ఏడు వెండి నాణేలు. రాజు ముక్కు మొనదేలి ఉంది, కనుబొమల వెంట్రుకలు కూడా చెదరలేదు.

“ఇప్పుడే అచ్చులోంచి దూకినట్టున్నాడండీ,” అంది ఆయన భార్య.

ఆ కొత్తదనమే కొంప ముంచింది. నాణేలు సేకరించేవాళ్ళకి పెద్దదిక్కు ఒక రిటైరైన బ్యాంకు మేనేజరు. ఆయన భూతద్దంలో చూసి, ఇంత పాతవి ఇంత తాజాగా ఉండవన్నాడు. తూకం వేస్తే సరిపోయింది. ఈ రోజుల్లో నకిలీలు చేసేవాళ్ళు తూకం కూడా సరిపెడుతున్నారన్నాడు. పొద్దు వాలేలోగా మాట బజారంతా పాకింది. పక్క కొట్టువాడు పనిగట్టుకుని వచ్చి మరీ నవ్విపోయాడు. చివరికి కంసాలి దగ్గర తేల్చుకుందామన్నారు. పైన వెండి పూత, లోపల ఇంకేదో లోహం అయితే పట్టుకోవాలి కాబట్టి, ఒక నాణెం అంచుని ఆకురాయితో లోతుగా అరగదీసి గీటురాయి మీద రుద్దాలట.

కంసాలి గది ఇరుకు. మేమంతా గోడకి అతుక్కుని నిలబడ్డాం. నిదానం ఒక నాణెం తీసి ఇచ్చి, వెంటనే చెయ్యి చాపాడు, తిరిగి ఇచ్చేయమన్నట్టు. చూసి మేనేజరు పెదవి విరిచాడు. భయపడే తీరులోనే తెలిసిపోతోందిగా అన్నాడు. నిదానం బావమరిది ఆయన భుజం పట్టుకున్నాడు.

“ఏడున్నాయి బావా. ఒకటి పోతే పోయింది. నీ పరువు దక్కుతుంది.”

నిదానం చాపిన చెయ్యి దించాడు. కంసాలి నాణేన్ని పట్టుకారుతో బిగించి ఆకురాయి అంచుకి ఆనించాడు. మోచెయ్యి వెనక్కి లాగాడో లేదో, నిదానం తన బొటనవేలు నాణేనికీ ఆకురాయికీ మధ్య దూర్చేశాడు. తోలు లేచి రక్తం వచ్చింది.

“వద్దులే, ఇచ్చెయ్యి.”

“పిచ్చా బావా? రేపట్నించి నిన్ను దొంగంటారు.”

“అననీ. ఆ దర్జీ ఒక్క గీత పడనివ్వకుండా దాచాడు. నా చేతిలో ఉండగా పడకూడదు.”

మేనేజరు ఇక చెప్పేదేముందన్నట్టు భూతద్దం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ నేను ఆ కొట్టుకి వెళ్ళేసరికి బేరాలు పలచబడ్డాయి. నాణేలు అమ్మలేదట, ఎవరూ అడగలేదట. ఉండబట్టలేక అడిగాను, అవి అసలువేనని నీకు ఖాయంగా తెలుసా అని.

“ఖాయంగా నాకెక్కడ తెలుసు?” అన్నాడు.

ఇంతలో ఒకావిడ ఇత్తడి గిన్నె అడిగింది. తుడిచి అందించాడు. ఆవిడ దాన్ని వేలితో కొట్టి విన్నది, వెలుగులోకి తీసుకెళ్ళి తిప్పి చూసింది, అడుగున గోటితో గీకింది. నిదానం వీధివైపు తిరిగి, ఆవిడ గీకడం అయ్యేదాకా నిలబడ్డాడు.