అర ట్యాంకు పొత్తు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడని ఆ చుట్టుపక్కల అందరూ మిషనక్క అంటారు. ఆవిడ కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆవిడ పలుకుతుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. మిషను ముందు కూర్చుని, చక్రం నాలుగు తిప్పులు తిప్పి, తల ఒక పక్కకి వంచి వింటుంది. విప్పకుండానే ఏ భాగం అరిగిందో చెప్పేస్తుంది. ముప్ఫై ఏళ్ళలో ఆ చెవి తప్పింది చాలా తక్కువ. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు, అదే ఆవిడ గొప్పా, ఆవిడతో వచ్చిన చిక్కూ.

ఆవిడకో కారుంది. అంటే సగం కారుంది. మిగతా సగం తోడికోడలిది. ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం మామగారు కొన్నారు. రెండేళ్ళ క్రితం ఆయన పోయాక అది కొడుకులిద్దరికీ రావాలి గానీ, పెద్దకొడుకు నేర్చుకునే రోజుల్లో ఇంటి గేటుని గుద్దాడు, చిన్నకొడుకు బాగుచేయించిన అదే గేటుని మళ్ళీ గుద్దాడు. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ స్టీరింగు జోలికి పోలేదు, హాయిగా బస్సెక్కి ఉద్యోగాలకి పోతున్నారు. అలా కారు కోడళ్ళ చేతికొచ్చింది.

తోడికోడలు పూలమొక్కలు పెంచి అమ్ముతుంది. ఊరవతల ఎత్తుమీద, ఏటవాలు వీధిలో వాళ్ళిల్లు. మిషనక్కది కింద, చదునైన వీధిలో. ఒక వారం ఆవిడ, ఒక వారం ఈవిడ. ఆదివారం పొద్దున కారు చేతులు మారుతుంది. కొత్తలోనే మిషనక్క షరతు పెట్టింది: ఎవరిచ్చినా అర ట్యాంకుతో ఇవ్వాలి. లెక్కలు రాసుకోవడం, చిల్లర పంచుకోవడం మన మధ్య వద్దు, పెట్రోలు మీటర్లో ముల్లు సగం మీదుంటే చాలు, అంది. మీటర్లో గీతకి నాలుగు లీటర్ల చొప్పున ఎంత తగ్గితే అంత పోయించి ఇచ్చెయ్యడమే. వయసులో చిన్నదైన తోడికోడలు సరేనంది. మిషనక్క ఏం చెప్పినా ఆ పిల్ల సరేననే అంటుంది.

ఆ బండిని మిషనక్క నడిపే తీరు చూసి తీరాలి. ఎర్ర లైటు అల్లంత దూరాన కనబడగానే కాలు తీసేస్తుంది. బండి దానంతటది దొర్లుకుంటూ వెళ్ళేసరికి లైటు పచ్చబడుతుంది. వెనక వాళ్ళు హారన్లు మోగిస్తే అద్దంలో వాళ్ళని చూసి నవ్వుతుంది. వారం వారం టైర్లలో గాలి చూపిస్తుంది. ఏసీ పాడైనప్పుడు ఎవరైనా ఏడుస్తారు. ఈవిడ లీటరుకి ఒక కిలోమీటరు కలిసొచ్చిందని సంబరపడింది. లీటరుకి పదహారు ఇస్తుందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

"ఆ డొక్కుకి రిపేర్లు చేయించే బదులు వాయిదాల మీద కొత్తది కొనుక్కోవచ్చుగా" అన్నాడు ఒకసారి పక్కింటాయన.

"మీ కొత్తదానికి నాలుగు నెలలు కట్టే వాయిదాలతో మాది ఏడాదంతా తిని తిరుగుతుంది బాబూ. బ్రేకులు, ఇన్సూరెన్సు, ఆయిలు, అన్నీ కలిపే చెప్తున్నా" అంది మిషనక్క.

ఇంత చక్కటి సంసారంలో ఒక్క ముల్లు గుచ్చుకుంటోంది. అది పెట్రోలు ముల్లే. తోడికోడలు బండి తెచ్చిచ్చిన ప్రతి ఆదివారం అది సగానికి ఒక గీత కిందుండేది.

మొదటిసారి చూసి ఊరుకుంది. రెండోసారి అనుమానపడింది, బండిని. చేతిపని తెలిసిన మనిషి కాబట్టి ముందు యంత్రాన్నే పట్టుకుంది. కారు కింద పాత న్యూసు పేపర్లు పరిచి, తెల్లారాక తీసి చూసింది. ఒక్క చుక్క లేదు. ట్యాంకు మూత మార్పించింది. పైపులన్నీ వేలితో తడిమి వాసన చూసింది. తన వారంలో బండి తాగాల్సినంతే తాగుతోంది, పదహారుకి పదహారు. ఇక మిషన్లో తప్పు లేదంటే కుట్టేవాళ్ళ చేతిలోనే ఉందని రోజూ దర్జీలకి చెప్పే మాట తనకి తానే చెప్పుకుంది.

అడగొచ్చుగా? మనమైతే అడిగేద్దుం. కానీ నాలుగు లీటర్ల పెట్రోలు కోసం తోడికోడలి మీద నోరు పారేసుకుందనిపించుకోవడం ఆవిడకి చచ్చేంత నామోషీ. అందుకని అడగలేదు. తన వారం చివర మళ్ళీ సగానికి పోయించి, తాళాలు చేతిలో పెట్టి, "జాగ్రత్తగా వెళ్ళు" అని నవ్వి, తలుపేసుకుని లోపల ఉడికిపోయేది. ఇలా రెండేళ్ళు. నాలుగు లీటర్లు పోతే పోయాయి, మనిషి మీద ఉన్న ఇష్టం పోతోందే అన్నది అసలు బాధ. ఆ పిల్ల కొత్తకోడలిగా వచ్చిన రోజున జడేసింది ఈవిడే. ఇప్పుడు ఆ పిల్ల నవ్వితే ఎందుకు నవ్విందా అని చూస్తోంది. మొక్క తెచ్చిస్తే, పెట్రోలు బదులు మొక్కా అనుకుంటోంది. తనలో ఈ రకం మనిషి ఒకత్తి ఉందని తెలియడం మిషనక్కకి అస్సలు నచ్చలేదు.

ఒకరోజు భర్తతో అనేసింది. "కారు అమ్మేద్దామండీ."

ఆయన చదువుతున్న పేపరు దించాడు. "పదహారు ఇస్తోందన్నావుగా?"

"ఇస్తుంది. నాకే ఓపిక లేదు. బేరగాడొకడు అడుగుతున్నాడు. ఆదివారం మీ తమ్ముడి భార్యకి చెప్పేసి వస్తా."

కారు పోతే పొత్తు పోతుంది, పొత్తు పోతే ఈ రోతా పోతుంది, మళ్ళీ మామూలుగా ఉండొచ్చని ఆవిడ ఆశ. పొత్తుతో పాటు ఆదివారాల రాకపోకలు కూడా పోతాయని తెలుసు. తెలిసే అనుకుంది.

మామూలుగా ఆదివారం ఆ పిల్లే కిందికి దిగొచ్చి కారు తీసుకెళుతుంది. ఎప్పుడైనా తను వెళ్ళాల్సొస్తే, ఆ బండి హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం లేక, మిషనక్క వీధి మొదట్లోనే ఆపి నడిచి ఎక్కేది. ఈసారి అలా కుదరలేదు. ఆ వీధిలోనే, తోడికోడలి ఇంటికి రెండిళ్ళవతల ఒక దర్జీ ఉన్నాడు. అతని పాత ఇనుప మిషను బాగుచేసి డిక్కీలో పెట్టుకొచ్చింది. అది మోసుకుని ఎత్తెక్కడం ఎవరివల్లా కాదు. దారిలో పెట్రోలు పోయించి, కిందనే ఆగి ముల్లు చూసుకుంది. సరిగ్గా సగం. చివరిసారి కూడా నా మాట నేను నిలబెట్టుకున్నా అనుకుంది, కొంచెం గర్వంగానే.

తోడికోడలు, ఆ మొక్కలపిల్ల, గేటు దగ్గరే ఉంది, మోచేతుల దాకా మట్టి. "అక్కా! పైదాకా తెచ్చేశావే! పైకెళ్ళి తిప్పుకొచ్చి ముక్కు కిందికి పెట్టు. ఈ బ్యాటరీని నమ్మలేం. వదిలేస్తే దొర్లుతూ స్టార్టయిపోతుంది, నేనెప్పుడూ అలాగే పెడతా" అంది. మిషనక్క అలాగే తిప్పుకొచ్చి ఆపాక, ముందు చక్రం కింద రాయి పెట్టింది.

మిషనక్క ఆ పిల్ల ముఖం చూడకుండా, "ముందు మిషను ఇచ్చొస్తా" అని దర్జీని కేకేసింది. అతను వచ్చాక చెరో పక్కా పట్టుకుని దుకాణంలోకి చేర్చారు. అతను చక్రం తిప్పి చూసుకుని మురిసిపోయాడు.

"ఆ కారక్క మీరేనా అండీ?" అన్నాడు.

"ఏ కారక్క?"

"మీ తోడికోడలు ఎప్పుడూ చెబుతుంటుంది. అర ట్యాంకని పేరే గానీ మా అక్క ఏనాడూ ఒక గీత ఎక్కువ లేకుండా ఇవ్వదు అని. ఈ రోజుల్లో ఎవరు పోస్తారండీ అట్లా!"

మిషనక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. తీసేది తీసేసి, పైగా వీధిలో ఎగతాళి కూడానా! ఇక దాచేది లేదు, ఇవాళ ముఖానే అడిగెయ్యాలి. ముల్లు చూపించి మరీ అడగాలి: ఇదిగో సగం, నేనిచ్చింది ఇది, వచ్చే ఆదివారం ఇంతే ఉండాలి, అని. విసవిసా వచ్చి కారు తలుపు తీసి, కూర్చుని, తాళం తిప్పింది.

ముల్లు బద్ధకంగా లేచింది. సగం దాకా వచ్చింది. ఆగలేదు. ఇంకో గీత ఎక్కి అక్కడ నిలబడింది.

మిషనక్క అద్దాన్ని వేలితో కొట్టి చూసింది. ముల్లు కదల్లేదు. అప్పుడు, పొద్దుటి నుంచీ మొదటిసారి, తల ఒక పక్కకి వంచింది.

దిగి రాయి తీసింది. బండిని వీధి మొదట్లోని చదును దాకా దింపింది. ముల్లు సగానికి వచ్చింది. మళ్ళీ ఎక్కించి, తిప్పుకొచ్చి, ముక్కు కిందికి పెట్టింది. మళ్ళీ గీత ఎక్కువ. మళ్ళీ దింపింది.

"ఏంటక్కా, ఊయలూగుతున్నావా? పెట్రోలు అయిపోతుంది!" అని అరిచింది మొక్కలపిల్ల, గేటు పట్టుకుని నవ్వుతూ.

మూడోసారి పైకొచ్చాక మిషనక్క ఇంజను ఆపింది. వాలులో ట్యాంకులో పెట్రోలంతా ముందుకి జరుగుతుంది. లోపల ముల్లుని ఆడించే తేలుడు బిళ్ళ ముందు వైపే ఉంది, అది లేస్తుంది. అంతే సంగతి. కాగితం మీద బొమ్మ గీస్తే చిన్నపిల్లలకి అర్థమవుతుంది. దానికి రెండేళ్ళు పట్టింది, ముప్ఫై ఏళ్ళ చెవికి.

"ఇలా రా. వచ్చి కూర్చో" అంది.

మొక్కలపిల్ల చేతులు తుడుచుకుని పక్క సీట్లో కూర్చుంది.

"నువ్వు ముల్లు ఎప్పుడు చూస్తావే?"

"ఇక్కడికొచ్చి ఆపాక. నీ గుమ్మంలో చూస్తే నువ్విచ్చింది కొలిచినట్టుంటుందని చూడను. తిరిగిచ్చే ముందు కూడా ఇక్కడే చూసి, సగానికి ఎన్ని గీతలు తగ్గితే అన్ని నాలుగు లీటర్లు కింద బంకులో పోయిస్తా. ఏం, తక్కువవుతోందా?"

అబద్ధం చెప్పడానికి మిషనక్కకి అదే మంచి సమయం. వాలు సంగతి ఒక్కటీ చెప్పి, నవ్వేసి, ఇంటికి పోవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ వీధి వీధంతా ఈ పిల్ల తనని పొగిడి పెట్టింది. ఆ పొగడ్త తనది కానిది, దాన్ని మోసుకుని ఇల్లు చేరడం ఆవిడవల్ల కాలేదు.

"ఈ వాలులో ముల్లు ఒక గీత ఎక్కువ చూపిస్తుంది. నేనెప్పుడూ ఎక్కువ పొయ్యలేదే. సగమే ఇచ్చాను. నువ్వు సగమని తెచ్చింది మా ఇంటి దగ్గర గీత తక్కువుండేది. అది..." స్టీరింగు మీంచి చేతులు తీసేసింది. "నువ్వు తీస్తున్నావనుకున్నాను. రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఇవాళ కారు అమ్మేద్దామని చెప్పడానికే వచ్చాను."

మొక్కలపిల్ల నవ్వు ఆగిపోయింది. ముందున్న అద్దంలోంచి వీధి వైపు చూస్తూ అడిగింది.

"దొంగననుకున్నావా అక్కా?"

"అనుకున్నాను."

"మొన్న నాకు జ్వరమొస్తే నాలుగు రోజులు వచ్చి వండిపెట్టావే, అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిషనక్కకి అప్పటికే కారిపోతున్నాయి. దర్జీ దుకాణంలోంచి తొంగిచూసి, పరిస్థితి బాగాలేదనుకుని తల లోపలికి లాక్కున్నాడు. మొక్కలపిల్ల ముక్కు తుడుచుకుంది, బుగ్గంతా మట్టయింది. వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేసుకుంది.

"ఉండక్కా. నేను తెచ్చింది నిజంగానే నాలుగు లీటర్లు తక్కువేగా?"

"తక్కువే. నీ తప్పు కాదు."

"మరి నువ్వు మళ్ళీ సగం చేసి ఇచ్చేదానివి. అంటే ఆ నాలుగు లీటర్లు ప్రతిసారీ నువ్వే పోశావు."

"పోశాను. మంచితనంతో కాదే. నిన్ను తిట్టుకుంటూ పోశాను."

"తిట్టుకుంటూనే పోశావు. నేనింకా నామీద ప్రేమతో పోస్తున్నావనుకున్నా." ఆ పిల్లకి ఏడుపులో నవ్వొచ్చింది. "ప్రేముంటే ఎవరైనా పోస్తారు. దొంగననుకుంటూ కూడా రెండేళ్ళు నాకు ఒక్క చుక్క తగ్గనివ్వలేదు చూడు. నేనైతే పోసేదాన్ని కాదక్కా."

మిషనక్క ఆ పిల్ల మట్టిచేతిని తన చేతిలోకి తీసుకుని అలాగే పట్టుకుంది. రెండో చేత్తో ఫోను తీసి బేరగాడికి చేసి, కారు అమ్మడంలేదు, ఇంకెప్పుడూ అడగొద్దు, అని చెప్పింది.