మా హాల్లో పరదా లేపిన ఇటలీ పాట

గల్ఫ్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న అమ్వాజ్‌లో నేను పనిచేసే ఇంట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒక సంగీతం మోగుతూనే ఉంటుంది. ఇంటివాళ్ళిద్దరూ ఇటలీ వాళ్ళు. మేడమ్ మనామాలో ఒక బ్యాంకులో ఉద్యోగం చేస్తారు. సర్ ఓడల మరమ్మతు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైన మనిషి బాల్కనీలో కాఫీ తాగుతూ సముద్రం చూసుకోవచ్చు కదా, అలా కూర్చోరు. పడగ్గదుల్లో ఒకదాన్ని ఆఫీసు చేసుకుని సీడీలు విడుదల చేస్తుంటారు.

ఈ రోజుల్లో సీడీలు ఎవరు కొంటారని పనిలో చేరిన కొత్తలో నాకు అనుమానం వచ్చింది. మా ఊళ్ళో పిల్లలకి సీడీ అంటే కాకులు రాకుండా పెరట్లో దారానికి కట్టే తళతళలాడే బిళ్ళ. సర్ ఓపిగ్గా చెప్పారు. ఇటలీలో ఒకప్పుడు లెక్కలేనన్ని సినిమాలు తీశారట. వాటిలో సగం ఆడలేదు. ఆడని సినిమాల్లో కూడా సంగీతం మాత్రం బ్రహ్మాండంగా ఉండేదట. ఆ టేపులు ఎవరి అటక మీదో, ఏ స్టూడియో గోదాములోనో పడి ఉంటాయి. ఈయన వాటిని వెతికి పట్టుకుని, హక్కున్న వాళ్ళ దగ్గర అనుమతి తీసుకుని, శబ్దం శుభ్రం చేయించి, కొన్ని వందల సీడీలు మాత్రం వేస్తారు. జపాన్‌లో, జర్మనీలో, అమెరికాలో వాటికోసం కాచుకుని కూర్చునే జనం ఉన్నారు. నాణేలు, స్టాంపులు పోగేసుకునే వాళ్ళలాంటి వాళ్ళన్నమాట. నాకు అర్థమైంది గానీ, ఆ సంగీతం మాత్రం వంటింట్లోకి వచ్చేసరికి మిక్సీ చప్పుడులాగే ఉండేది. పట్టించుకునేదాన్ని కాదు.

ఒకరోజు సర్ గదిలో కొత్త టేపు పెట్టారు. నేను వంకాయలు తరుగుతున్నాను. పాట మధ్యలోంచి మొదలైనట్టు మొదలైంది. గిటారు, దాని వెనకాల బాకాలు, మాటల్లేకుండా ఒక ఆడగొంతు. నాకు తెలియకుండానే దానికి ముందు రావాల్సిన ముక్క కూనిరాగం తీశాను. చెయ్యి తరుగుతూనే ఉంది, నోరు పాడుతూనే ఉంది. గదిలో పాట ఆగిపోయింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని సర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఆ మొదటి భాగం నీకెలా తెలుసు? అది ఈ టేపులో లేదు. పాడైపోయింది."

ఆ పాట నేను ఇటలీ పాటని అనుకోలేదు. మా హాలు పాటనుకున్నాను.

మా ఊరు కాకినాడకి పొద్దున బస్సెక్కి వెళ్ళి సాయంత్రం వచ్చేయగలిగేంత దూరం. ఊళ్ళో ఒకటే సినిమా హాలు ఉండేది. ఆట మొదలయ్యే ముందు లైట్లు ఒకటొకటిగా ఆర్పేవారు. తెరకి అడ్డంగా మెరూన్ రంగు కుచ్చుల పరదా ఉండేది. దాని అంచున రంగు బల్బులు వెలుగుతూ ఆరుతూ ఉండగా అది మెల్లగా పైకి లేచేది. అప్పుడు వేసేవారు ఈ రికార్డు. దేవుడి సినిమా అయినా, ఫైటింగు సినిమా అయినా పరదా లేచేది ఈ పాటకే. ఆ పాట వినిపించిందంటే బయట బఠాణీలు కొనుక్కుంటున్న వాళ్ళు పొట్లం కట్టించుకోకుండానే లోపలికి పరిగెత్తేవారు. నేను మా అమ్మ ఒళ్ళో కూర్చునే వయసు నుంచి, పెళ్ళై ఆ ఊరు వదిలే దాకా విన్నాను.

ఇదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో, సర్ ఓడల పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో చెప్పాను. ఆయన ముందు నమ్మలేదు. ఆ సినిమా ఇటలీలోనే పట్టుమని వారం ఆడలేదట, సంగీతం రికార్డుగా బజారులోకి రానే లేదట. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, సినిమా ప్రచారానికి ఏవో చిన్న రికార్డులు కొన్ని వేసి పంచారని విన్నానుగానీ వాటిని చూసిన మనిషి ఇంతవరకూ కనిపించలేదన్నారు. మా ఊరికి దగ్గరలో ఓడరేవు ఉందా అని అడిగారు. కాకినాడ ఉందన్నాను. అయితే ఏ ఓడలో వంటవాడో, నావికుడో పట్టుకొచ్చి అమ్ముకుని ఉంటాడన్నారు. అంతకంటే మంచి కారణం మాకు ఇప్పటికీ దొరకలేదు.

నేను అక్కడితో ఊరుకుని ఉండాల్సింది. ఉత్సాహం ఆగక ఇంకో మాట కూడా చెప్పాను. బాకాలు తగ్గాక ఒక ఈల వస్తుంది సర్, పాటంతటికీ అదే అందం అని. ఎలా ఉంటుందో నోటితో పాడి చూపించాను కూడా.

సర్ ముఖం చూడాలి. ఆయన దగ్గరున్న టేపులో ఈల లేదు. అంటే ఆ రికార్డులో ఉన్నది వేరే రకంగా వాయించిన పాటన్నమాట. ఇలాంటి సంగీతం పోగేసుకునే వాళ్ళకి ఈలపాట అంటే ప్రాణమట. ఆ సాయంత్రం మేడమ్ ఇంటికొచ్చేసరికి సర్ ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నేను వండిన వంకాయ ఎవరూ ముట్టలేదు.

మర్నాడు మా తమ్ముడికి ఫోన్ చేశాను. హాలు ఎప్పుడో మూతపడి ఫంక్షన్ హాలు అయ్యింది. హాలు సామానంతా మైకు సెట్టు షాపు వాళ్ళు కొన్నారని తమ్ముడికి గుర్తుంది. వాడు వెళ్ళి అడిగితే, అటకెక్కి చూసుకో, దొరికితే పట్టుకుపో అన్నారట. తాడు చుట్టిన రికార్డుల కట్ట ఒకటి దొరికింది. అందులో టిఫిను పళ్ళెమంత రికార్డు, దాని మీద పసుపచ్చ కాగితం, మన భాష కాదు, ఇంగ్లీషూ కాదు. ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. సర్ ఆ ఫొటో చూసి ఫోన్ నా చేతికి తిరిగివ్వడం మర్చిపోయి గదిలోకి వెళ్ళిపోయారు.

రికార్డు వచ్చే దారి కూడా దొరికింది. మా పక్క ఊరమ్మాయి ఒకామె ఇక్కడే మనామాలో, గుదైబియా అనే పేటలో ఉంటుంది. లాండ్రీ పైన చిన్న గది. సెలవుకి ఇంటికి వెళ్ళి అప్పుడే తిరిగి వస్తోంది. తమ్ముడు వెళ్ళి అట్ట ముక్కల మధ్య పెట్టిన రికార్డు ఆమెకి అప్పజెప్పాడు. ఆమె దాన్ని చీరల మడతల్లో పెట్టుకుని తెచ్చింది. శుక్రవారం నేను వెళ్ళి తీసుకున్నాను. ఇన్ని జాగ్రత్తలు చెప్పారు, ఇందులో ఏముందని ఆమె అడిగితే మా ఊరి సినిమా హాలు ఉందన్నాను. నవ్వి టీ ఇచ్చింది.

ఈలోపు సర్ ఒక పని చేశారు. తొందర మనిషి. ఈల ఉన్న పాట దొరికిందని, రాబోయే సీడీలో అదీ ఉంటుందని ఆ పోగేసుకునే వాళ్ళందరికీ కంప్యూటర్‌లో చాటేశారు. ఆర్డర్లు మొదలయ్యాయి. వినకుండా ఎందుకు చెప్పావని మేడమ్ అన్నారు. సర్ నా వైపు చూపించి, విన్న మనిషి ఇక్కడే ఉంది కదా అన్నారు. నాకు గర్వంగా అనిపించింది.

రికార్డుని సర్ మెత్తటి బట్టతో, ఏదో నీళ్ళతో కడిగి ఆరబెట్టారు. ముగ్గురం కూర్చున్నాం. ముల్లు దించారు. ముందు పకోడీలు వేగుతున్నట్టు చప్పుడు, ఆ వెనకాలే గిటారు. టేపులో పోయిన మొదటి భాగం ఉన్నదున్నట్టు వినిపించింది. సర్ చెయ్యి పట్టుకుని మేడమ్ ఏదో వాళ్ళ భాషలో అన్నారు. నాకు పరదా లేస్తున్నట్టే ఉంది. బాకాలు వచ్చాయి, తగ్గాయి. ఆడగొంతు వచ్చింది. నేను ఈల కోసం చూస్తున్నాను. పాట అయిపోయింది.

రెండోవైపు వేశారు. అది వేరే పాట. మళ్ళీ మొదటివైపు వేశారు. ముల్లు చివరిదాకా వెళ్ళి గీతలో గుండ్రంగా తిరుగుతుంటే సర్ మెల్లగా అడిగారు.

"ఈల ఏది?"

బుర్రలో ఆ ఈల ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది. వంటింట్లోకి వెళ్ళి తమ్ముడికి ఫోన్ చేసి, రికార్డు ఇంకోటి ఉందేమో చూడరా అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. వాడు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అక్కా, అది రికార్డులో ఈల కాదే. సోడాల బాబాయి వేసేవాడు."

సోడాల బాబాయి అంటే హాల్లో గోలీ సోడాలు అమ్మే ఆయన. పరదా లేస్తుంటే రోజూ మగవాళ్ళ వైపు గోడకి ఆనుకుని, పాటకి అతికినట్టు ఈల వేసేవాడట. ఏ ఆటకీ మానలేదట. ఆడవాళ్ళ బెంచీలకీ మగవాళ్ళ బెంచీలకీ మధ్య మనిషెత్తు అడ్డగోడ ఉండేది. ఆ గోడకి ఇవతల కూర్చున్న నాకు ఈల, పాట కలిపి ఒక్కటిగా వినిపించాయి. మగపిల్లాడు కాబట్టి తమ్ముడికి తెలిసింది, నాకు తెలియలేదు.

సర్‌కి వెళ్ళి చెప్పాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన కోప్పడలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, పొరపాటయింది, ఈల లేదు అని అందరికీ రాసుకున్నారు. కొందరు ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. ఎవరో ఎగతాళిగా కూడా రాశారట. రెండు రోజులు ఆయన గదిలో సంగీతం మోగలేదు. ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నాకు ఇష్టమని మేడమ్ తెచ్చిన కేకు కూడా ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

మూడోరోజు తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. సోడాల బాబాయిని వెతికి పట్టుకుని ఈల వేయించాడు. ఆయనకిప్పుడు కట్టుడు పళ్ళు. అవి తీసి పక్కన పెట్టి వేశాడట. గాలి ఎక్కువ, శబ్దం తక్కువ, ఎక్కడో కోడి కూస్తోంది. కానీ అదే ఈల. సర్‌కి వినిపించాను. ఆయన మళ్ళీ మళ్ళీ విని, పాట కూడా పెట్టి రెండూ కలిపి విని, ఆ గొడవ తర్వాత మొదటిసారి నవ్వారు.

సర్‌కి దాన్ని సీడీలో చివర పెట్టాలని ఉంది. సంగీతం చేసినాయన బతికి లేరు. హక్కులన్నీ రోములో ఉన్న ఆయన కూతురివి. సర్ ఆవిడకి విషయమంతా చెప్పి అడిగారు. ఆవిడ మర్యాదగానే వద్దన్నారు. మా నాన్న ఈల రాయలేదు, రాయనిది ఆయన పేరు మీద ఉండకూడదు అన్నారట. నాకు కాస్త చిన్నబోయినట్టయింది. మా నాన్న దర్జీ. ఆయన కుట్టిన బట్టలకి ఇంకెవరో జేబు తగిలిస్తే నేనూ ఒప్పుకోను కదా అనిపించాక సర్దుకున్నాను. సీడీతో ఇచ్చే చిన్న పుస్తకంలో మా ఊరి గురించి, హాలు గురించి, బాబాయి గురించి సర్ ఒక పేజీ రాస్తానంటే మాత్రం ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. నా పేరు వేస్తానంటే నేనే వద్దన్నాను. ఊరి పేరు వేయించాను, అక్షరాలు తప్పు పోకుండా పక్కనే కూర్చుని.

సీడీ బిళ్ళలు యూరప్ నుంచి వచ్చాయి. పుస్తకాలు మీనా సల్మాన్ రేవు దగ్గర ఒక ప్రెస్‌లో వేయించారు. ఒక శుక్రవారం డైనింగ్ టేబుల్ మీద అన్నీ పరిచి సర్, మేడమ్, నేను, గుదైబియా అమ్మాయి కలిసి డబ్బాల్లో పెట్టాం. గుదైబియా అమ్మాయి చెయ్యి మా అందరికంటే వేగం. నేను పులిహోర చేశాను. చేతులకి పసుపు అంటుకుంటుందని సర్ మమ్మల్ని వంతులవారీగా తినమన్నారు, ఆయన మాత్రం మా కళ్ళు గప్పి మధ్యమధ్యలో చెంచాతో తింటూనే ఉన్నారు. ఆర్డర్లు వెనక్కి తీసుకున్న వాళ్ళలో కొందరు ఆ పేజీ సంగతి తెలిశాక మళ్ళీ అడిగారట. జపాన్ నుంచి ఒకాయన, ఆ సోడా ఏ రుచిలో ఉండేదని అడుగుతూ రాశాడు. నిమ్మకాయ అని జవాబు రాయించాను.

బాబాయికి ఒక సీడీ పంపాం. తమ్ముడు ఎవరి దగ్గరో ప్లేయర్ సంపాదించి వినిపించి, వీడియో కాల్ చేశాడు. బాబాయి నన్ను గుర్తుపట్టలేదు, మా అమ్మ పేరు చెబితే గుర్తుపట్టాడు. ఇది సినిమాలో పాటని అన్నేళ్ళూ తనకి తెలియదట, పరదా కోసమే చేసిన పాటనుకున్నాడట. ఆ సినిమా కథేంటమ్మా అని అడిగాడు. నేను వెనక్కి తిరిగి సర్‌ని అడిగాను. సర్ కాస్త ఇబ్బందిగా కదిలి, ఒక మొగుడూ పెళ్ళాం, ఒక పడవ, దొంగిలించిన వజ్రాలు ఉంటాయని, మధ్యలో తనకి నిద్రపట్టేసిందని, లేచేసరికి పడవ తగలబడుతోందని చెప్పారు.

అదంతా బాబాయికి తెలుగులో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ఆలోచించి అన్నాడు.

"అయితే మన హాల్లో ఆడించకపోవడమే మంచిదయ్యిందమ్మా. పాటొక్కటీ చాల్లే."