మామిడికాయ లేని బల్ల

మరమగ్గాల ఖార్ఖానాలో సాంచ బెల్టులో పడి నలిగినప్పటి నుంచి నా కుడిచేతి వేళ్లు వంగవు. పెండ్లిళ్లకు పోతే ఆఖరి బంతిలో గోడ మూలకు కూర్చుంటాను. ఎడమచేత్తో తినేవాడి పక్కన కూర్చుని ఎవరు మాత్రం మనసారా తింటారు? భుజం మీది తువ్వాలను చేతి మీదికి జార్చుకునే నేర్పు సిరిసిల్ల మొత్తంలో నా ఒక్కడికే ఉందేమో. ఆ చేతిలో ఏదీ నిలవదని ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా నెట్టుకొస్తున్నానని నా నమ్మకం. వంగకపోయినా పట్టు మాత్రం బాగానే ఉందని వాళ్లతో చెప్పాను.

బిడ్డ కోరుట్లలో ఇంజనీరింగ్ చదువుతోంది. ఈ ఏడు మెత్తటి రబ్బరు వేళ్లతో ఒక మరచెయ్యి తయారుచేసింది. గాలి ఎక్కిస్తే ఆ వేళ్లు వంగి, వస్తువు ఎట్లా ఉంటే అట్లా సర్దుకుని పట్టుకుంటాయి. కాలేజీలో ప్రదర్శన ఉందని, నన్ను తీసుకుపోవడానికి తనే వచ్చింది. ఎన్ని సాకులు చెప్పినా వినలేదు.

వేములవాడలో దర్శనం చేసుకున్నవాళ్లు మా బస్సెక్కారు. ఒక ముసలమ్మ ప్రసాదం పంచుతూ నా సీటు దగ్గరికి వచ్చింది. ప్రసాదానికి ఎడమచెయ్యి చాపలేను, కుడిచేతిలో నిలవదు. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాను.

"బాపుది గూడ నాకే ఇయ్యు అమ్మమ్మా" అంది బిడ్డ.

"గింత పొద్దుగాల్నే నిద్రేంది మీ బాపుకు?" అని ముసలమ్మ నవ్వింది. సిగ్గేసి, కోరుట్ల వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

కాలేజీలో బిడ్డ బల్ల ముందు నిలబడ్డాను. కోడిగుడ్డు, చాయ్ గ్లాసు, నిమ్మకాయ, దారం కండె, చొక్కా గుండీ పెట్టింది. రబ్బరు వేళ్లు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతున్నాయి. చూస్తూ చూస్తూ ఉండగా నాకు సంగతి తట్టింది. అన్నీ నా చేతిలోంచి జారినవే. మొన్న సెలవుల్లో బిడ్డ ఇంట్లో ఉన్నప్పుడు గుడ్డు పగిలితే పిల్లి తోసిందన్నాను. గ్లాసు పడితే చెయ్యి కాలిందన్నాను. నా బిడ్డ అన్నీ చూస్తూనే ఉందన్నమాట. అక్కడికక్కడే ఎటైనా పారిపోవాలనిపించింది.

ప్రదర్శనకు మార్కులు వెయ్యడానికి జగిత్యాల నుంచి వచ్చిన పెద్దసారు బల్ల దగ్గర ఆగాడు. "గిది దేనికి పనికొస్తదమ్మా?"

బిడ్డ నా వైపు చూసింది. వద్దన్నట్టు తల ఊపాను.

"మామిడికాయలు దెబ్బ తాకకుంట ఏరనీకి సార్" అంది.

"మా జగిత్యాల మార్కెట్‌కు గిదే గావాలె. మరి ఒక్క మామిడికాయన్న పెట్టకపోతివి?"

బిడ్డ నిమ్మకాయను కొంచెం ముందుకు జరిపింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వే చేసినవా, ఎక్కడన్న కొనుక్కొచ్చినవా?" సారు గొంతు మారింది.

బిడ్డ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నా మాట ఎత్తలేదు. నా పరువు కోసం అది దొంగలా నిలబడి ఉంటే, నేను తువ్వాల సర్దుకుంటున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

తువ్వాల తీసి, చెయ్యి బల్ల మీద గుడ్డు పక్కన పెట్టాను. అందరి చూపులూ దాని మీదే పడ్డాయి. తల మాత్రం ఎత్తలేకపోయాను.

"నా బిడ్డనే చేసింది సార్. గీ చెయ్యి కోసమే చేసింది" అన్నాను. తర్వాత బిడ్డతో మెల్లగా అన్నాను. "మొన్న గుడ్డు పిల్లి తొయ్యలేదు బిడ్డా."

"నాకెర్కే బాపూ" అంది.