మేడ మీద పరిచిన పెళ్ళిచీర

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు నన్ను తన గదిలోకి పిలిచి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. యుద్ధవిమానాలు నడిపే ఆటలకు విమానాలు తయారుచేయడం దాని ఉద్యోగం. సూరత్‌లో, ఆల్థాన్‌లోని మా ఫ్లాట్‌లో కూర్చునే ఏ దేశం వాళ్ళకో పనిచేస్తుంది. ఈసారి చేసింది రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబరు, శత్రువుల జాడ కనిపెట్టి ఫోటోలు తీసుకొచ్చే రకం.

"అమ్మమ్మా, దేఖో నా, ముత్తాతయ్య సీటు ఇదే," అంటూ తెరమీద విమానం ముక్కులో ఉన్న గాజుగదిలోకి తీసుకువెళ్ళింది. కాళ్ళకింద కూడా గాజే. ఆ కింద అడవి, ఏరు, ఏటి ఒడ్డున అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. మనుషులేరే అని అడిగితే, అంత ఎత్తునుంచి కనబడరు కనుక పెట్టలేదంది. ఆ మాట నేను చాలా ఏళ్ళ కిందట మా నాన్నగారి నోట విన్నాను.

ఆయన పడుచుతనంలో అలాంటి విమానంలోనే బర్మా అడవుల మీద తిరుగుతూ ఫోటోలు తీశారు. యుద్ధం అయ్యాక రైల్వేలో చేరి, బదిలీ మీద సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మన తరం ఇళ్ళలో నాన్నలు పిల్లలతో కబుర్లాడడం తక్కువే గదా. ఆయన మరీను, యుద్ధం ఊసెత్తితే చాలు, లేచి బయటికి వెళ్ళిపోయేవారు.

నేను హైస్కూల్లో ఉండగా ఒక వానాకాలం తాపీ నది పొంగి మా రైల్వే క్వార్టర్ల కింది వాటాలు మునిగిపోయాయి. చేతికందిన పెట్టెలతో అందరం మేడెక్కాం. కింది వాటాలో ఉండే, మేం మాసీ అని పిలిచే గుజరాతీ పిన్నిగారికి నిండునెలలు. తెల్లవారేసరికి నొప్పులు మొదలయ్యాయి. చుట్టూ ఎటు చూసినా బురదనీళ్ళు, పడవ జాడ లేదు. అంతలో ముంపు ఎంతవరకొచ్చిందో చూడడానికి ఒక విమానం వచ్చింది. మేమంతా గొంతులు చించుకుని చేతులూపాం. అది మమ్మల్ని దాటుకుని పోయింది.

అప్పటిదాకా ఓ మూల గొడుగు పట్టుకుని నిలబడ్డ నాన్నగారు అమ్మ దగ్గరికి వచ్చి, "చేతులూపితే లాభం లేదే. పైనుంచి మనుషులు కనబడరు. నీ ట్రంకుపెట్టెలో పట్టుచీరలు తియ్యి," అన్నారు.

"పెళ్ళిచీర కూడానా అండీ?" అంది అమ్మ.

"ముందు అదే తియ్యి."

అమ్మ తన ఎర్ర పెళ్ళిచీర మడత విప్పింది. పక్కన పసుపుపచ్చవీ, ఆకుపచ్చవీ పరిచి, అంచులు ఎగరకుండా ఇటుకలు పెట్టాం. విమానం మళ్ళీ వచ్చింది. ఈసారి కాస్త కిందికి దిగి, మా మేడ చుట్టూ తిరిగి, చూశామన్నట్టు ఒక రెక్క వంచి వెళ్ళింది. అందరూ కేకలు వేస్తుంటే నాన్నగారు మాత్రం ఆ తడిలోనే చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. ఆయన ఏడవగా చూడడం నాకదే మొదలు. మధ్యాహ్నం పడవ వచ్చింది, మాసీ ఆసుపత్రికి చేరింది, మగపిల్లాణ్ణి కన్నది.

నీళ్ళు తీశాక ఒక సాయంత్రం అమ్మ తన పెళ్ళిచీర బురద మరకలు ఉతుకుతుంటే, ఆయన పక్కన కూర్చుని నీళ్ళు పోస్తూ, ఎవరూ అడగకుండానే చెప్పారు. బర్మాలో ఆయన తీసిన ఒక ఫోటోలో ఏటి ఒడ్డున పల్లె ఒకటి పడిందట. మనుషులెవరూ లేరు, దండేల మీద ఆరేసిన రంగురంగుల బట్టలు తప్ప. ఇక్కడ సంసారాలున్నాయి అని పై అధికారులతో చెప్పారట. మర్నాడు ఆ పల్లె మీదికి బాంబులతో వేరే విమానాలు వెళ్ళాయట. అమ్మ ఉతకడం ఆపి, తడిచేత్తోనే ఆయన భుజం పట్టుకుంది. ఆ తరవాత నాన్నగారు మాతో మాట్లాడే మనిషయ్యారు.

ఇప్పుడు తాపీ పొంగకముందే ఫోన్లకు కబురొస్తుంది, ఆకాశంలో డ్రోన్లు తిరుగుతాయి. మంచిదే, కాదనను. కాని మా భవనంలో మేడకు తాళం వేసి ఉంటుంది, తలుపులూ మూసే ఉంటాయి. కొన్నాళ్ళుగా పై ఫ్లాటులోంచి ఒక పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆ తల్లి ఏ ఊరి పిల్లో, పురిటికి తోడెవరున్నారో, ఇంతవరకు నాకు తెలియదు.