తెల్లబాతు కింది బెల్లం రంగు

నిన్న పొద్దున కాఫీ తాగుతూ, ఎడమచేత్తో ఫోను పట్టుకుని, నేను ఒక ఇల్లాలి మాటను అబద్ధమని తేల్చేశాను. ముందు ఆ తప్పు ఒప్పుకుని తర్వాతే మిగతాది చెప్పడం మంచిది. ఎందుకంటే నా వయసు మగవాళ్ళం పాత సంగతులు మొదలుపెడితే గొప్పలన్నీ ముందు చెప్పుకుని, తప్పుల దగ్గరికి వచ్చేసరికి వానల గురించి మాట్లాడతాం.

పూతలపట్టు దగ్గర నేను ముప్పై ఏళ్ళకు పైగా అలంకార బాతులు పెంచుతున్నాను. గుడ్డుకో కూరకో పెంచేవి కావు. గుండ్రటి తల, పొట్టి ముక్కు, బొమ్మకు కీ ఇచ్చినట్టుండే నడక, వీటన్నిటికీ మించి రంగు. ఆ రంగు కోసమే మనుషులు అడిగి తీసుకుపోతారు. చిత్తూరు, తిరుపతి, నగరి, అటు మద్రాసు వైపు ఈ పిచ్చి ఉన్నవాళ్ళమంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. రంగు విషయంలో ఎవరికి అనుమానం వచ్చినా అందులో అడుగుతారు, చాలాసార్లు నేనే జవాబు చెబుతాను, నేను చెప్పాక ఎవరూ ఎదురు మాట్లాడరు. ఆ మర్యాదే నన్ను చెడగొట్టింది.

నగరిలో ఒక మరమగ్గాల ఇంటి కోడలు పోయినేడు నా దగ్గర ఒక తెల్ల మగబాతును తీసుకుంది. తెల్లబాతుకు రంగు లేదని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. రంగు లోపలే ఉంటుంది, పైన తెలుపు దుప్పటిలా కప్పుకుని ఉంటుంది, రంగున్న పెట్టతో జతకట్టినప్పుడు పిల్లల్లో ఆ లోపలిది బయటపడుతుంది. ఈ మగబాతు వంశమంతా నలుపేననీ, నల్లపెట్టలతో కలిపితే పిల్లలన్నీ కాటుకలా వస్తాయనీ నేను ఆమెకు గట్టిగా మాట ఇచ్చాను. నిన్న పొద్దున ఆమె గ్రూపులో వీడియో పెట్టింది. రెండు నెలలు దాటిన పిల్లలు తొమ్మిది. నాలుగు నల్లవి, ఐదు ముదురు గోధుమ రంగువి. కింద ఆమె గొంతు:

"సార్, అన్నీ నల్లవే వస్తాయంటిరి గదా, ఐదు ఈ రంగులో వచ్చినాయి. నా నల్లపెట్టలు రెండూ తడికె లోపలే ఉండాయి, వేరే మొగబాతు మా వీధిలోనే లేదు. ఇవి మంచివా కాదా ఒక్క మాట చెప్పండి సార్. మా అత్త సాయంత్రం కూరకు కొనే కోళ్ళాయన్ని రమ్మనింది. మంచివని మీరంటే ఉంచుతాదంట, లేకుంటే అన్నీ పోతాయి, గూడు పీకేసి ఆడ నూలు మూటలు పెట్టుకుందామంటా ఉండాది."

ఆమె అడిగింది ఒక్క మాట. నేను పది మాటలు చెప్పాను. "నా తెల్లదాంట్లో నలుపు తప్ప ఇంకోటి లేదమ్మా. పెట్టలు తడికె లోపలే ఉంటే ఈ రంగు యాడ్నించి వస్తాది? ఏదో ఊరబాతు కలిసింది, నువ్వు చూసుకోలేదు. ఇవి జాతికి పనికిరావు, కోళ్ళాయనకే ఇచ్చేయ్" అని గొంతు రికార్డు చేసి పంపించాను. నిమిషంలో నలుగురైదుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకాయనైతే, "పెద్దాయన చెప్పినాక ఇంకేముందప్పా, మసాలా నూరుకోండి" అన్నాడు.

తవుడు గంప తీసుకుని దొడ్లోకి పోయాను. తవుడు కలుపుతుంటే నేనన్న మాటే నా చెవిలో మళ్ళీ పలికింది. నువ్వు చూసుకోలేదు. ఈ మాట నేను అనడం మొదటిసారి కాదు. నలభై ఏళ్ళ కింద ఇదే మాట మా చిన్నమ్మను అన్నాను.

నాకీ బాతుల విద్య మా చిన్నాయన దగ్గర అబ్బింది. ఆయన ఒకసారి పనిమీద మద్రాసు పోయి, పోయిన పని మరిచిపోయి, ఒక గంపలో ఆరు రంగుల బాతులతో తిరిగి వచ్చిన మనిషి. నేనప్పుడు చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తాను, ఇరవై రెండేళ్ళవాణ్ణి. ఆదివారం వస్తే సైకిలు తొక్కుకుంటూ ఆయన దొడ్డి దగ్గరికి పోయేవాణ్ణి. ఆ కాలంలో ఈ రంగులకు పుస్తకాల పేర్లేవీ మాకు తెలియవు. పేర్లు పెట్టేది చిన్నమ్మ, ఆమె పేర్లన్నీ వంటింట్లోంచి వచ్చేవి. నల్లది కాటుక. నీలం కలిసిన బూడిద రంగుది పొగ. అంతకన్నా వెలిసిపోయి తెల్లబారినది గంజి. ముదురు గోధుమది బెల్లం, అదీ మా చిత్తూరు నల్లబెల్లం. పిల్లగా ఉన్నప్పుడు పేరు పెట్టనిచ్చేది కాదు ఆమె. నూగు రాలి, పిల్ల ఈక రాలి, రెండో ఈక వచ్చాక, పొద్దుటి ఎండలో బాతును చంకలో పెట్టుకుని రెక్క విప్పి చూసి అప్పుడు చెప్పేది. ఆమె అవునంటే అవును. చిన్నాయన కూడా ఆమె నోటికేసి చూస్తూ నిలబడేవాడు. నేను తర్వాత బెంగుళూరు వాళ్ళకు అమ్మడం మొదలుపెట్టాక బ్లూ, సిల్వర్, చాకొలెట్ అనడం నేర్చుకున్నాను. అలా అంటే వాళ్ళకు తొందరగా అర్థమవుతుందని సమర్థించుకున్నాను.

ఒక ఏడు చిన్నాయన పొగ మగబాతును, పొగ పెట్టను వేరే తడికెలో జతకట్టాడు. గుడ్లు కోడి కింద పెట్టి పొదిగించారు. తిరుపతి నుంచి ఒక ఆసామి, తన తోటలోకి అన్నీ ఒకే రంగువి కావాలని ముందే చెప్పిపెట్టుకున్నాడు. తల్లీ తండ్రీ పొగ కాబట్టి పిల్లలూ పొగే అని చిన్నాయన మాట ఇచ్చేశాడు. ఎనిమిది పిల్లలు పెరిగాయి. నాలుగు పొగ, రెండు కాటుక, రెండు గంజి. ఆ ఆసామి వచ్చి తడికె దగ్గర నిలబడి, ఇదేమి రంగుల సంతని నవ్వాడు. చిన్నాయన తల దించుకున్నాడు. నేను ఇంటర్లో బఠానీ మొక్కల పాఠం చదువుకున్నవాణ్ణి, సగం చదువుకున్నవాడికి ఉండే ధైర్యమంతా నాకుంది. ఒకే రంగు రెండు కలిస్తే వేరే రంగు రావడానికి లేదనీ, ఊరి నల్ల మగబాతు దూరి ఉంటుందనీ, తడికె వేసి తీసే పని చిన్నమ్మది కాబట్టి ఆమె చూసుకోలేదనీ, ఆ పరాయి మనిషి ముందరే అనేశాను.

చిన్నమ్మ చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టి, కొంగు దోపుకుని నన్ను చూసింది.

"నీ పుస్తకంలో రాసుండాదేమిరా, తడికె తీసింది మీ చిన్నమ్మేనని?"

ఆసామి పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో నాకు మొండితనం ఇంకా పెరిగింది. "లేకుంటే నలుపు యాడ్నించి వచ్చిందో నువ్వే చెప్పు" అన్నాను.

"నాకు తెలీదురా. తెలీదు కాబట్టే తెలీదంటా ఉండా. నీకూ తెలీదు, ఆ ముక్క నోట్లోంచి రాలేదే నీకు?"

చిన్నాయన పోయి తడికె కట్టును లాగి చూశాడు. ఆయన అనుమానం కూడా నా వైపే మొగ్గింది, అది చిన్నమ్మకూ తెలిసింది. మరుసటి రోజు నుంచి ఆమె బాతుల దొడ్లోకి రాలేదు. పోట్లాడలేదు, అలగలేదు, నేను పోతే ఎప్పటిలాగే అన్నం పెట్టింది. కానీ బాతు పేరెత్తితే లేచి పొయ్యి దగ్గరికి పోయేది. పేరు పెట్టేవాళ్ళు లేని రంగులు ఆ దొడ్లో మూడేళ్ళు తిరిగాయి; ఆ తర్వాత చిన్నాయనకు ఒక్కడికే చేతకాక ఒక్కొక్కటీ ఎవరెవరికో ఇచ్చేశాడు.

నేను సొంతంగా దొడ్డి పెట్టుకున్న తొలి సంవత్సరాల్లోనే నిజం తెలిసింది. రెండు పొగలను కలిపితే సగం మాత్రమే పొగ వస్తాయి. పావు వంతు కాటుక, పావు వంతు గంజి వస్తాయి. ఆ రంగు స్వభావమే అది. నలుపును పలచన చేసే గుణం ఒక వైపు నుంచి వస్తే పొగ, రెండు వైపుల నుంచీ వస్తే గంజి, ఏ వైపు నుంచీ రాకపోతే కాటుక. మా చిన్నాయన దొడ్లో ఎనిమిదింటికి నాలుగు, రెండు, రెండు అచ్చంగా వచ్చాయి. ప్రకృతి చిన్నమ్మ తరఫున అంత తేటగా సాక్ష్యం చెప్పింది, నేను వినలేదు. అది తెలిసిన రోజే సైకిలెక్కి పోయి చెప్పి ఉండవచ్చు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. ఆమె చేతి రాగిసంకటి ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. పోయిన ప్రతిసారీ ఈసారి చెబుదామనుకునేవాణ్ణి, ఈసారి కూడా పంటల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. మరిచిపోయానని అందామంటే మనసు ఒప్పుకోదు. బాతుల సంగతి నాకే తెలుసని నలుగురూ అనడం మొదలైంది. ఆ పేరుకు మచ్చ వస్తుందని భయపడ్డాను, అంతే. ఆమె ఆ మాట వినకుండానే పోయింది.

తవుడు గంప పక్కన పెట్టి నగరి వీడియోను మళ్ళీ చూశాను. ఈసారి చూడటం కన్నా ఎక్కువగా విన్నాను. బాతుల్లో అరిచేది పెట్టే. మగదానికి రెండు నెలలు దాటేసరికి గొంతు జీరపోతుంది, గుసగుసలాడినట్టు ఉంటుంది. ఆ వీడియోలో గోధుమ రంగు ఐదూ దొడ్డి అదిరేలా అరుస్తున్నాయి. నల్లవి నాలుగూ జీరగొంతువి. గోధుమవన్నీ పెట్టలు, నల్లవన్నీ మగవి.

బెల్లం రంగుకు ఒక పద్ధతి ఉంది. కూతుళ్ళు దాన్ని తండ్రి నుంచే తెచ్చుకుంటాయి, తల్లి రంగుతో వాటికి పని లేదు. తండ్రిలో నిండా బెల్లం ఉంటే, తల్లి ఎంత నల్లదైనా కూతుళ్ళన్నీ బెల్లమే. కొడుకులు మాత్రం తల్లి నలుపును పైన వేసుకుని బెల్లాన్ని లోపల దాచుకుంటాయి. ఆ రంగు మగది ఊరబాతుల్లో నేనెన్నడూ చూడలేదు. అంటే ఆ రంగు నా తెల్లదాని కిందే ఉంది. దాన్ని నేను మద్రాసు వైపు ఒకాయన దగ్గర తీసుకున్నాను. అది నల్ల వంశమని ఆయన అన్నాడు, నేను నమ్మాను. రెండేళ్ళు తెల్లపెట్టలతోనే ఉంచాను, పిల్లలన్నీ తెల్లగానే వచ్చాయి. ఒక్కసారి నల్లపెట్టతో కలిపి చూసి ఉంటే తెలిసేది. చూసుకోనిది నేను.

ఆమెకు ఫోను చేశాను, ఎత్తలేదు. మగ్గాలు ఆడుతుంటే ఆ ఇంట్లో ఫోను వినబడదు. కోళ్ళాయన వచ్చేది సాయంత్రం. నా దొడ్లో వేరే వంశానికి చెందిన బెల్లం రంగు పెట్ట ఒక్కటే ఉంది, ఎవరెంత అడిగినా ఇవ్వనిది. దాన్ని మూత గంపలో పెట్టుకుని చిత్తూరు బస్సు ఎక్కి, చిత్తూరులో నగరి బస్సు పట్టుకున్నాను. అది దారి పొడుగునా అరుస్తూనే ఉంది.

"ఏం పెద్దాయనా, గంపలో ఏముండాది?" అన్నాడు కండక్టరు.

"బాతప్పా."

"నగరిలో విందా?"

"విందు కాకుండా ఆపేదానికే పోతా ఉండా" అన్నాను. బస్సులో ముందు సీట్లవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు.

నేను పోయేసరికి అత్తగారు గడప దగ్గర కూర్చుని కండెలకు నూలు చుడుతున్నారు. నేనెవరో చెప్పగానే ఆమె చెయ్యి ఆగింది. కోడలు లోపలి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఊరబాతేదీ కలవలేదనీ, తప్పంతా నా తెల్లదానిదనీ, దాన్ని పరీక్ష చేయకుండా అమ్మిన నాదనీ, పొద్దున నేనన్నది అన్యాయమనీ చెప్పాను.

"పొద్దున ఫోన్లో అంత గట్టిగా అరిస్తిరే, ఇప్పుడు గొంతే లేవడం లేదేమప్పా?" అన్నారు అత్తగారు.

"లేవదమ్మా. తప్పు చేసినోణ్ణి."

"ఒకటి మధ్యాన్నమే మా తమ్ముడు తీసుకుపోయినాడు. మీరు చెప్పినారనే ఇచ్చినా. ఈపాటికి ఆడ ఉడికిపోయుంటాది."

కోడలు గుమ్మం వదిలి ముందుకొచ్చింది. "గొంతు తేడా నేను పొద్దున్నే చెప్దామనుకున్నా సార్. అరిసేవన్నీ ఆ రంగువే అని. మీరు నన్ను చెప్పనీలేదు" అంది.

ఆ గుమ్మంలో నిలబడే ఫోను తీసి, గ్రూపులో అందరూ వినేలా చెప్పాను: నగరి బాతులు కలిసినవి కావు, ఆమె తడికె గట్టిది, తేడా కనిపెట్టింది ఆమె, తప్పు చెప్పింది నేను. గంపలోని పెట్టను ఆమె చేతిలో పెట్టి, దీన్ని నల్ల మగపిల్లల్లో ఒకదానితో కలిపితే కొడుకుల్లో కూడా సగానికి ఈ రంగు వస్తుందని చెప్పాను. ఆమె రెక్క విప్పి, వెలుతురుకు తిప్పి చూసింది. అప్పుడే కోళ్ళాయన సైకిలు వచ్చి ఆగింది. అత్తగారు కండె మీదినుంచి తల ఎత్తకుండానే, "పో అప్పా, ఈడ కూర బాతులు లేవు" అన్నారు.

తిరుగు బస్సులో కూర్చుని ఆలోచించాను. మా కాలంలో ఒక తప్పుమాట ఒక దొడ్లోనే ఉండిపోయేది, ఉండి ఒక మనిషిని ఏళ్ళ తరబడి తినేది. ఇప్పుడది నిమిషంలో రెండు వందల మందికి చేరి, మధ్యాహ్నానికి ఒక ప్రాణం తీస్తుంది. కానీ తప్పయిందని చెబితే ఆ మాట కూడా అంతే తొందరగా చేరుతుంది. ఆ వీలు నాకు చిన్నమ్మ ఉన్నప్పుడు లేదని అనుకోబోయి ఆగాను. అప్పుడు సైకిలుండేది, పోయేదానికి దారీ ఉండేది.

ఈ పొద్దున లేచి, నా దొడ్లో మిగిలిన తెల్ల మగబాతులు మూడింటినీ పట్టుకుని, మూడు వేరు వేరు తడికెల్లో ఒక్కోదాని పక్కన ఒక్కో నల్లపెట్టను వదిలాను. ఇంతకుముందు తెల్లవి తీసుకున్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోను చేసి, వాటి కింద ఏ రంగుందో నాకు తెలియదని చెప్పడం మొదలుపెట్టాను. ఇద్దరు నవ్వారు. ఒకాయన కోప్పడ్డాడు. ఇంకా ఏడుగురు ఉన్నారు.