నాయిన నిద్ర

మా చిన్నప్పుడు... మేడ్చల్‌లో మా ఇంటి ముందు లారీ ఆగి ఉందంటే వాడకట్టంతా మెల్లగా మాట్లాడేది. నాయిన నాగపూర్ నుంచి వచ్చి పడుకున్నాడని అర్థం. మళ్లీ లోడు దొరికేదాకానే ఆ నిద్ర... అమ్మ రోకలి ముట్టేది కాదు. మేము చిర్రగోనె ఆట వెనక సందులోకి మార్చుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ట్రాన్స్‌పోర్టు మున్షీ సైకిల్ మీద వచ్చాడు. లోడు తయారైతే డ్రైవర్లను పిలుచుకుపోవడం ఆయన పని. నాయిన అప్పుడే నాలుగు ముద్దలు తిని ఒరిగాడు.

"చెల్లె, బావ ఉన్నడా?"

"లేడన్నా. గండిమైసమ్మ దిక్కు పోయిండు."

"బండి ఈడనే ఉన్నది గదా?"

"నడుసుకుంట పోయిండు."

సరిగ్గా అప్పుడే లోపలి నుంచి నాయిన గురక...

"మరి గదేంది?"

"మా మామ పండుకున్నడు," అంది అమ్మ. ఆ మామ, అంటే మా తాత, అరుగు మీదే కూర్చొని చుట్ట కాలుస్తున్నాడు.

మున్షీ తాతను చూశాడు, అమ్మను చూశాడు. "సరే తియ్యి. మీ మామ లేసినంక పంపు. సేటుకు నేను జెప్త," అని పోయి హోటల్లో చాయ్ ముందు కూర్చున్నాడు.

"కూసున్నోన్ని కూసున్నట్టే నిద్రవుచ్చినవ్ గదనే," అన్నాడు తాత.

నాయిన పొద్దుగూకేదాకా పడుకున్నాడు.

ఇప్పుడు మా తమ్ముడు కంటైనర్ నడుపుతున్నాడు. క్యాబిన్‌లో ఏసీ ఉంది. కళ్లు మూతపడితే కూతపెట్టే కెమెరా ఉంది. మంచిదే... నాయిన తోటివాళ్లలో నిద్రమత్తులో రోడ్డు మీదే పోయినవాళ్లున్నారు. అప్పుడంతా బాగుండేదని ఎలా అనను?

మొన్న శామీర్‌పేటలో మా ఇంటి దగ్గర బండి ఆపి అన్నానికి వచ్చాడు. తిని అట్లా ఒరిగాడో లేదో వాడి ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. బండి ఎందుకు ఆగిందని కంపెనీవాళ్లు.

"తమ్ముడు పండుకున్నడు. జరసేపు పండుకోనియ్యండి," అన్నాను.

"ఆగిన టైమంతా సిస్టంల పడుతాంది మేడమ్. నా చేతుల ఏం లేదు," అన్నాడు అవతలి అబ్బాయి, మర్యాదగానే.

తమ్ముడు అప్పటికే లేచి మొహం కడుక్కుంటున్నాడు. "ఇగ పోత అక్కా..."

కళ్లు మూతపడితే కెమెరా లేపుతుంది, సరే... పడుకొమ్మని చెప్పేది ఎవరో నాకింకా అర్థం కాలేదు.

మీ ఇళ్లల్లోనూ ఇట్లా పగలు పడుకునేవాళ్లు ఉండేవారా? వాళ్ల నిద్ర చెడకుండా మీరేం చేసేవాళ్లు?